మగకుక్కకి ఆపరేషన్ చేయిస్తే బుద్ధి మారుతుందా? డేట్ తీసుకునేముందు ఇవి చూసుకోండి

కుక్క కాస్త అల్లరి చేస్తే చాలు, "ఆపరేషన్ చేయించెయ్యండి, అదే దారికొస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు రెడీగా ఉంటారు. కొన్ని అల్లర్లకి ఈ మాట నిజమే, కొన్నిటికి అస్సలు కాదు, కొన్ని కుక్కలకైతే ఉన్నది ఇంకాస్త ముదరొచ్చు కూడా. ఆపరేషన్‌లో తీసేది వృషణాల్ని, వాటితోపాటు పోయేది టెస్టోస్టిరాన్ హార్మోన్. కుక్కకున్న భయాలు, పట్టిన అలవాట్లు, నేర్పని పాఠాలు ఎక్కడివక్కడే ఉంటాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, మీకు తలనొప్పిగా ఉన్న ఆ పని మీ కుక్క ఆడకుక్క కోసం చేస్తోందా, లేక ఇంకెందుకైనా చేస్తోందా?

అది తెలియాలంటే ఓ వారం పది రోజులు ఫోన్‌లో నోట్ చేసుకోండి. ఏ టైంలో చేసింది, ఎవర్ని చూసి చేసింది, దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు తోక ఎలా ఉంది, చెవులు ఎలా ఉన్నాయి, మీదకి ఉరికిందా లేక వెనక్కి జరుగుతూ మొరిగిందా. తోక కాళ్ళ మధ్యకి పోయి, చెవులు వెనక్కి అతుక్కుపోయి, ఒళ్ళంతా వెనక్కి లాగుతూ మొరిగే కుక్క కోపంగా ఉందని అందరం అనుకుంటాం గానీ అది భయపడుతోంది. వీలైతే దూరం నుంచి వీడియో తీయండి, తర్వాత వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ఆ నోట్స్ ముందు పెట్టుకుని చూడండి. గేటు తీస్తే చాలు పారిపోవడం, చుట్టుపక్కల ఎదకొచ్చిన ఆడకుక్క ఉందంటే తిండి మానేసి రాత్రంతా ఏడవడం, ఇంట్లో సోఫాకీ తలుపుకీ కాలెత్తి కొంచెం కొంచెం పోయడం, కనపడ్డ కుక్క మీదకల్లా ఎక్కడం, ఇంకో మగకుక్కని చూడగానే ఆడకుక్క కోసం పోటీకి దిగడం, ఇలాంటివైతే ఆపరేషన్ ఉపయోగపడే ఛాన్స్ బానే ఉంది. బానే ఉంది అన్నానే గానీ గ్యారంటీ అనలేదు. 57 మగకుక్కల మీద 1997లో వచ్చిన ఒక స్టడీలో మూత్రంతో గుర్తులు పెట్టడం, ఎక్కడం, తిరుగుళ్ళు ఈ మూడూ సుమారు 60 శాతం కుక్కల్లో సగానికి సగం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గాయి, దాదాపు పూర్తిగా మానేసినవి మాత్రం 25 నుంచి 40 శాతమే. ఇంకో సంగతేంటంటే ఆపరేషన్ నాటికి కుక్క వయసెంత, ఆ అలవాటు ఎన్నాళ్ళ నుంచి ఉంది అనేదాన్ని బట్టి ఫలితం చెప్పలేకపోయారు. అంటే "వయసైపోయింది, ఇప్పుడు చేయించినా దండగ" అనే మాటకి పెద్దగా బలం లేదు.

ఎక్కడం గురించి చిన్న మాట. దిండు మీదో చుట్టాల కాలి మీదో ఎక్కేస్తే ఇంట్లో వాళ్ళకి సిగ్గుగా ఉంటుంది, అందుకే ఎక్కువమంది ముందు దీనికోసమే వెట్ దగ్గరకి పరిగెత్తుతారు, కానీ ఉత్సాహం ఎక్కువైనా, కంగారు పుట్టినా, ఆటలో ఊపొచ్చినా కుక్కలు ఎక్కుతాయి, ఆపరేషన్ అయినవీ ఎక్కుతాయి, ఆడకుక్కలూ ఎక్కుతాయి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే ఎక్కుతోందంటే అది హార్మోన్ పని అయ్యే అవకాశం తక్కువ. పిలిచి కూర్చోబెట్టి నమలడానికి ఏదైనా ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది కరిచే కుక్క విషయంలో. కొత్తవాళ్ళని చూసి మీద పడటం, గిన్నె దగ్గరకొస్తే గుర్రుమనడం, గోళ్ళు కత్తిరించబోతే పళ్ళు చూపించడం, ఇవి ఎక్కువగా భయం వల్లో, తన వస్తువు లాక్కుంటారేమో అన్న అనుమానం వల్లో, నొప్పి వల్లో వస్తాయి. 2018లో 13,795 కుక్కల ఓనర్ల జవాబులతో ఒక పెద్ద స్టడీ వచ్చింది, ఆపరేషన్ అయిన కుక్కలు తక్కువ దూకుడుగా ఉన్నాయని అందులో ఎక్కడా తేలలేదు, పైగా 7 నుంచి 12 నెలల మధ్య ఆపరేషన్ అయినవి కొత్తవాళ్ళ మీద దూకుడు చూపించడం కాస్త ఎక్కువగానే కనపడింది. ఆ ఆపరేషన్ వల్లే అలా అయ్యాయని దీన్ని బట్టి చెప్పలేం అనుకోండి, దూకుడుగా ఉన్నవాటినే ముందు తీసుకెళ్ళి ఉండొచ్చు కదా. అయినా సరే, పిరికి కుక్కకి తొందరపడి చేయించొద్దనే నా అభిప్రాయం. ముందు వెట్‌తో ఒళ్ళంతా చెక్ చేయించండి, నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే చెవిలోనో పంటిలోనో కీళ్ళలోనో నొప్పి ఉందేమో చూడాలి. నొప్పి లేదని తేలితే బిహేవియర్ తెలిసిన ట్రైనర్ దగ్గరకి వెళ్ళండి, ఈలోపు మజిల్ (కరవకుండా మూతికి తగిలించేది) అలవాటు చేయండి, కొట్టడం మాత్రం వద్దు, కొడితే గుర్రుమనడం మానేసి డైరెక్ట్‌గా కరుస్తుంది.

ఎటూ తేలకపోతే మధ్యేమార్గం ఒకటుంది. డెస్లోరెలిన్ అనే మందున్న చిన్న గుళికలాంటి ఇంప్లాంట్‌ని చర్మం కింద పెడతారు, డోసుని బట్టి ఆరు నెలలో ఏడాదో టెస్టోస్టిరాన్‌ని ఆపి ఉంచుతుంది, తర్వాత మెల్లగా మామూలైపోతుంది. పెట్టిన మొదటి రెండు మూడు వారాలు హార్మోన్ తగ్గకపోగా పెరుగుతుంది, అప్పుడు కుక్క ఇంకా రెచ్చిపోతే కంగారుపడకండి. ఆ ఆరు నెలల్లో మీకు నచ్చిన మార్పు వస్తే ఆపరేషన్‌కి వెళ్ళొచ్చు, భయం పెరిగినట్టు అనిపిస్తే మందు దిగిపోయేదాకా ఆగితే సరిపోతుంది. పిరికి కుక్క ఉన్నవాళ్ళు వెట్‌ని తప్పకుండా దీని గురించి అడగండి.

వయసు విషయానికొస్తే చిన్న జాతులకి పెద్ద ఇబ్బంది లేదు గానీ లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటికి ఏడాది లోపే చేయిస్తే కీళ్ళ సమస్యల రిస్క్ పెరుగుతుందని తేలింది, ఎముకలు ఎదగడం ఎప్పుడు ఆగాలో చెప్పేవాటిలో ఈ హార్మోన్లూ ఉన్నాయి మరి. ఒక వృషణం కిందకి దిగకుండా పొట్టలోనే ఉండిపోయిన కుక్కకైతే ప్రవర్తనతో పనిలేదు, ఆపరేషన్ చేయించాల్సిందే, లోపల ఉండిపోయిన దాంట్లో ట్యూమర్ వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ.

చేయించాక పది పన్నెండు రోజులు గెంతులు, స్నానాలు బంద్, మెడకి కోన్ తీయొద్దు, జాలిపడి తీస్తే కుట్లు నాకి ఊడగొట్టుకుంటుంది. టెస్టోస్టిరాన్ ఒకట్రెండు రోజుల్లోనే పడిపోయినా ప్రవర్తన మారడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల మొదటి నెలా నెలన్నర ఎదలో ఉన్న ఆడకుక్కకి దూరంగా ఉంచాలి, ఇది చాలామందికి తెలీదు. ఇంట్లో మూత్రం పోసిన చోట్లని ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి, పాత వాసన అక్కడే ఉంటే ఆపరేషన్ అయినా మళ్ళీ అక్కడికే వెళ్తుంది, అమోనియా ఉన్న క్లీనర్లు వాడితే అదీ మూత్రం వాసనే అనుకుంటుంది. ఆకలి పెరిగి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది కాబట్టి తిండి కాస్త తగ్గించాలి, ఎంతన్నది వెట్‌ని అడిగి, నెలకోసారి బరువు చూస్తూ ఉండండి, పక్కటెముకలు చేతికి తగలట్లేదంటే గిన్నెలో ఎక్కువ పడుతున్నట్టే.