నాణేన్ని గీత పడకుండా ప్లాస్టిక్ డబ్బీ నుంచి, కవరు నుంచి తీయడం ఎలా?

నాణేన్ని అంచులు పట్టుకోవాలని, కింద మెత్తని గుడ్డ పరచాలని మీకు తెలుసు. కటింగ్ ప్లయర్ అందుకునే ముందు డబ్బీ అంచును ఒకసారి వెలుతురులో తిప్పి చూడమంటే మాత్రం ఎవరూ చూడరు. గుండ్రటి డబ్బీలు చాలావరకు అతికించినవి కావు, రెండు మూతలు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి, అంతే. సన్నని సందు కనిపిస్తే అక్కడ గోరు పెట్టి తిప్పండి. ఈ మధ్యే ఒకాయన అలాంటి డబ్బీని రంపంతో కోసి, నాణెం అంచుతో సహా కోసి, నా దగ్గరికి తెచ్చారు.

సమస్య: గట్టి పలక డబ్బీ ఎక్కడా ఊడటం లేదు

పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థల (నాణెం అసలుదా, ఎంత బాగుంది అని తేల్చి గ్రేడు ఇచ్చేవి) డబ్బీ అయితే రెండు సగాలనూ అల్ట్రాసోనిక్ పద్ధతిలో కరిగించి కలిపేసి ఉంటారు. పగలగొట్టక తప్పదు. పగిలాక ఆ గ్రేడుకు హామీ ఉండదు కాబట్టి ముందు ఫొటోలు తీయండి, లేబుల్ దాచండి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, డబ్బీని మందపాటి తువాలులో చుట్టి, మూలలను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో నొక్కండి. ఏదో ఒక మూల దగ్గర అతుకు టప్పున విడుతుంది. సుత్తి వద్దు. నాణెం మీద రాలిన ప్లాస్టిక్ నలుసులను రబ్బరు బల్బుతో గాలి కొట్టి తీయండి. గుడ్డతో తుడిచారో, ఆ నలుసులే గీతలు గీస్తాయి.

సమస్య: అట్ట ఫ్రేము నుంచి తీస్తుంటే గీత పడింది

స్టేపుల్ పిన్ను కొన. పిన్నులన్నీ పీకాకే అట్ట విప్పండి.

సమస్య: మెత్తని కవరుకు నాణెం అతుక్కుంది, లేదా తీసిన కొన్ని నెలలకు ఆకుపచ్చగా మారింది

నన్ను దెబ్బ తీసింది ఇదే. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి ఒకటి కొన్నాను. మెత్తని కవరులో తడితడిగా మెరుస్తూ ఉంటే, ఎంత బాగా నిలిచిందో అని మురిసిపోయాను. రెండు వేసవులు ఇనుప బీరువాలో ఉంచి, తర్వాత లాగి తీశాను. జిగురుగా తగిలితే నూలు గుడ్డతో తుడిచాను. కమాను మీదుగా మూడు గీతలు పడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఆ మెరుపు నాణేనిది కాదు. ఆ కవరు పీవీసీ అనే ప్లాస్టిక్‌ది. దాన్ని మెత్తబరచడానికి కలిపే నూనె వంటి పదార్థం వేడికి బయటికి ఊరి, నాణేనికి పట్టుకుంది. పీవీసీ పాడయ్యే కొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడుతుంది. అది రాగిని తిని ఆకుపచ్చ జిడ్డు చేస్తుంది. ఆ రూపాయిలో వెండి 81.8 శాతమే, మిగతాది ప్రధానంగా రాగి. మొదట్లో ఏమీ కనిపించదు. అందుకే శుభ్రంగా ఉందనుకుని కొత్త డబ్బీలో పెట్టేస్తారు, పచ్చదనం అక్కడ మొదలవుతుంది.

కవరు నుంచి కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ అని అనుమానించండి. తేల్చుకోవాలంటే, రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, కత్తిరించిన కవరు ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీయే. ఈ పరీక్ష కిటికీ తెరిచి, పొగ పీల్చకుండా, నాణెం కడగడానికి వాడే, ఇట్టే మంట అంటుకునే అసిటోన్ ద్రావకం సీసా బయటికి తీయకముందే చేయండి.

కవరును మూడు వైపులా కత్తిరించి, పుస్తకం పేజీలా వెనక్కి మడుస్తూ ఒలవండి. నాణేన్ని జార్చి లాగకండి. తర్వాత గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి అయిదు నిమిషాలు ముంచండి, కొత్త అసిటోన్‌తో మరోసారి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో రంగు, సువాసన, నూనె ఉంటాయి. దగ్గర్లో మంట ఉండకూడదు, గాలి ఆడాలి. రుద్దకుండా, తుడవకుండా ఆరనివ్వండి. జిడ్డు పోతుంది, ఆమ్లం తినేసిన గుంట మాత్రం పూడదు. శుభ్రంగా కనిపించినా సరే, మెత్తని కవరు నుంచి వచ్చిన ప్రతి నాణేనికీ ఈ స్నానం చేయించండి.

గట్టి డబ్బీని కూడా అసిటోన్‌లో కరిగిస్తే పోలేదా అని అడుగుతుంటారు. ఆ డబ్బీ ప్లాస్టిక్ (పాలిస్టైరీన్ వంటిది) కరిగి నాణేనికే పూతలా పడుతుంది, వద్దు. ఎవరో జిగురుతో అంటించిన నాణేలూ ఉంటాయి కానీ నాకు ఎదురైనవి రెండే.

ఖాళీ అయిన మెత్తని కవరును డ్రాయరులో ఉంచకండి. పనికొస్తుందని ఇంట్లో ఎవరో ఒకరు అందులో ఇంకో నాణెం వేస్తారు.