మనంతట మనమే గిటార్ – 4వ పాఠం: కొత్త గిటార్‌లో లోపం ఉంటే షాపువాళ్ళ చేత బాగుచేయించుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారు కదా? ఆరు తీగలూ శ్రుతి చేసి, ఒక్కో తీగ మీద ఒకటో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీ) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా నెమ్మదిగా మీటి, ఎక్కడ జరజరమంటోందో, ఎక్కడ గొంతు నొక్కేసినట్టు వస్తోందో కాగితం మీద రాసుకోమన్నాను. ఏమీ తేలకపోతే సంతోషం. తేలినవాళ్ళు మాత్రం ముందుకెళ్ళకండి. గిటార్‌లో ఉన్న తప్పుని తమ వేళ్ళ తప్పనుకుని, నెలల తరబడి మథనపడి, చివరికి దాన్ని మంచం కిందకి తోసేసినవాళ్ళు నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నా మొదటి గిటార్ ఎనిమిదిన్నర వేలు. ఊళ్ళోనే ఒక షాపులో కొన్నాను. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ నొక్కితే ఈగ ముసిరినట్టు శబ్దం. గాజువాక నుంచి బస్సులో, గిటార్ ఒళ్ళో నిలబెట్టుకుని, జగదాంబ దాకా వెళ్ళి షాపాయనతో "అన్నా, సౌండ్ బాగోలేదు" అన్నాను. ఆయన తీగలు శ్రుతి చేసి, నాలుగు సార్లు గట్టిగా మీటి, "బాగానే ఉంది కదా బాబూ, కొత్తది, వాయించగా వాయించగా సర్దుకుంటుంది" అని చేతిలో పెట్టేశాడు. ఇంకేం అనాలో నాకు తెలియలేదు. వచ్చేశాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు మాత్రం పని జరిగింది, ఎందుకంటే ఆసారి "బాగోలేదు" అన్న మాట నా నోట రాలేదు. ఈ పాఠమంతా ఆ రెండు ప్రయాణాల మధ్య తేడానే.

ముందు లోపాన్ని మనమే ఇంట్లో పట్టుకోవాలి. మూడు పరీక్షలు చాలు, కావలసినవి ఒక ఏటీఎం కార్డు, ఒక స్టీలు స్కేలు, ఫోన్‌లో ట్యూనర్ యాప్. స్కేలు స్టీలుదే ఎందుకంటే ప్లాస్టిక్ స్కేలుకి సున్నా ముందు కాస్త ఖాళీ ఉంటుంది, స్టీలు వాటిలో సున్నా అంచు నుంచే మొదలయ్యేవి దొరుకుతాయి.

మొదటిది జరజర. అది ఒక్క చోటే వస్తోందంటే, నొక్కిన ఫ్రెట్ కంటే దాని పక్కది ఎత్తుగా ఉండి తీగకి తగులుతోందని అర్థం. నాది ఏడులో మోగింది కాబట్టి అనుమానం ఎనిమిది మీద. కార్డు పొట్టి అంచుని తీగల మధ్య సందులోంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది ఫ్రెట్ల మీద నిలబెట్టి రెండు కొసల్నీ మార్చి మార్చి వేలితో నొక్కండి. మూడూ సమంగా ఉంటే కదలదు. మధ్యది ఎత్తుగా ఉంటే తూగుబల్లలా టకటకమంటుంది. ఆ టకటక మొదటిసారి విన్నప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను, తప్పు నా వేళ్ళది కాదని అప్పుడే రూఢి అయింది. గిటార్ తల వైపున్న మొదటి ఫ్రెట్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి అక్కడ కార్డు పొడుగు అంచు వాడాలి. ఏ ఫ్రెట్టూ నొక్కకుండా వదిలేసిన తీగ మీటినప్పుడు మాత్రమే జరజరమంటే నట్‌లో (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ళ పట్టీ) గాడి లోతైపోయిందేమో చూడండి.

రెండోది తీగ ఎత్తు. పన్నెండో ఫ్రెట్ లోహం పైనుంచి లావు తీగ అడుగు దాకా కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే హాయి, మూడు దాకా సర్దుకోవచ్చు, నాలుగు ఉంటే అది నేర్చుకునేవాళ్ళ వేళ్ళని హింసించడమే. మూడోది, అదే పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది కదా, తర్వాత నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి. ట్యూనర్‌లో ముల్లు పది సెంట్లకి (సెంటంటే అర స్వరంలో నూరో వంతు) మించి పక్కకి పోతుంటే రాసుకోండి. వీటితో పాటు బ్రిడ్జి (పైచెక్క మీద తీగల కొసలు బిగించే చెక్క) అంచు కింద పల్చటి కాగితం దూరుతోందా, పైచెక్క మీద పగులు ఉందా అన్నది పగటి వెలుతురులో చూసి ఫొటోలు తీయండి.

ఒక జాగ్రత్త. షాపుకి చూపించకముందు ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) తిప్పడం, శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) అరగదీయడం, వేరే సైజు తీగలు వేయడం చేయకండి. "మీరే పాడుచేశారు" అనడానికి వాళ్ళకి అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

మన విశాఖలో ఇంకో మాట తప్పకుండా వింటారు: "సముద్రం గాలండీ, చెక్క అలాగే ఉంటుంది." ఇందులో సగం నిజం ఉంది. తేమకి చెక్క ఉబ్బుతుంది, పైచెక్క పొంగి బ్రిడ్జిని లేపుతుంది, తీగలు ఎత్తవుతాయి, బీచ్ రోడ్డు దగ్గరి ఇళ్ళలో తీగలు తొందరగా తుప్పు కూడా పడతాయి. కానీ గాలి వచ్చి ఒక్క ఎనిమిదో ఫ్రెట్‌ని ఏరుకుని పైకి లేపదు. అది సరిగ్గా దిగకపోవడమో, సమంగా అరగదీయకపోవడమో, అంటే తయారీలో మిగిలిన పని. పైగా కొన్న రోజునే కొలిచి తేదీతో ఫొటో పెట్టుకుంటే గాలి వాదన నిలవదు.

ఇక షాపులో. సాయంత్రం రద్దీలో కాదు, పొద్దున్న షాపు తెరిచిన కాసేపటికి వెళ్ళండి. నేను రెండోసారి చేసిందింతే: గిటార్ ఆయన చేతికే ఇచ్చి, "అన్నా, మూడో తీగ ఏడో ఫ్రెట్ మీరే ఒకసారి నొక్కి మీటండి" అన్నాను. మోగింది. కార్డు తీసి ఎనిమిదో ఫ్రెట్ మీద ఆడించి చూపించాను. ఆయన కార్డు అడిగి తీసుకుని తనే మళ్ళీ ఆడించాడు, లోపలున్న రిపేరు కుర్రాణ్ణి పిలిచాడు. ఆ తర్వాత వాదనే లేదు. నాలుగు రోజుల్లో ఆ ఫ్రెట్ సమం చేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

మీకేం కావాలో కూడా మీరే చెప్పాలి. ఎత్తు ఫ్రెట్, నట్ గాడి, తీగ ఎత్తు, ఇవన్నీ బాగయ్యేవే, ఉచితంగా బాగుచేయమనండి, మనం రిపేరుకి ఒప్పుకోవడమే న్యాయం. మెడ మెలితిరగడం, పైచెక్క పగలడం, కొన్న వారానికే బ్రిడ్జి లేవడం, బ్రిడ్జిని తప్పు చోట అతికించడం, వీటికి మాత్రం జిగురూ ఆకురాయీ వద్దనండి. వేరే గిటార్ ఇవ్వమనండి, లేదంటే డబ్బు వెనక్కి అడగండి. గిటార్ అక్కడ వదిలి వస్తే రసీదు మీద తేదీ, లోపం, గిటార్ లోపలి చీటీ మీదున్న సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంటికొచ్చాక వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పంపండి:

"నమస్తే అన్నా. 4వ తేదీన మీ దగ్గర కొన్న గిటార్ ఈరోజు ఇచ్చాను. ఎనిమిదో ఫ్రెట్ ఎత్తుగా ఉందని మీరూ చూశారు. 18లోగా సరిచేసి ఇస్తామన్నారు. బిల్లు ఫొటో పెడుతున్నాను."

చాలా బిల్లుల కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంటుంది. చూసి వెనక్కి తగ్గకండి. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. అందుకే ఆ 30 రోజులు మీకు చాలా విలువైనవి, పరీక్షల పని పండగ తర్వాత చూద్దామని వాయిదా వేయకండి.

మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కొన్నది ఐదు లక్షల లోపుదైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ గడువుంది. నా అభిప్రాయంలో ఎనిమిది వేల గిటార్‌కి అక్కడిదాకా వెళ్ళాల్సి రావడం అరుదు. మీ దగ్గర కొలతలు, ఫొటోలు, ఆ వాట్సాప్ మెసేజ్ ఉన్నాయని తెలిస్తే షాపులోనే తేలిపోతుంది.

గిటార్ చేతికొచ్చాక షాపు గుమ్మం దాటకముందే మూడు పరీక్షలూ మళ్ళీ చేయండి. మార్చి ఇచ్చిన కొత్త గిటార్ అయినా సరే, పది నిమిషాల పని, ఎవరూ ఏమీ అనుకోరు. అన్నీ సరిగ్గా ఉంటే ఆ రాత్రే శ్రుతి చేసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఇ మైనర్‌తో మొదలుపెడదాం, రెండే వేళ్ళు, రెండో ఫ్రెట్.