రౌటర్ లిఫ్ట్ తయారీ – 4వ పాఠం: కరెంటు తీస్తే జారిపోతోందా?

రౌటర్ లిఫ్ట్ అంటే చెక్క చెక్కే రౌటర్ యంత్రాన్ని బల్ల కింద పైకీ కిందికీ జరిపే అమరిక. మోటారు స్క్రూని తిప్పితే, దాని మీది నట్ రౌటర్‌ని మోసుకుంటూ జరుగుతుంది. ఈసారి రౌటర్ నిటారుగా జరిగేలా పట్టి ఉంచే గైడ్ రాడ్ల గురించి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి లిఫ్ట్ చేసుకున్న వాళ్లలో చాలామందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. మోటారుకి కరెంటు ఉన్నంతసేపూ బాగానే ఉంటోంది, తీయగానే రౌటర్ కిందికి దిగిపోతోంది. గైడ్ల సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకుందాం.

మోటారు చాలలేదేమోనని కొందరు పెద్దది కొన్నారు. దానివల్ల లాభం లేదు. మనం వాడేది స్టెప్పర్ మోటారు, అంటే చిన్న చిన్న అడుగులుగా తిరిగేది. కరెంటు లేనప్పుడు దానికి పట్టు చాలా తక్కువ. బరువును ఆపాల్సింది స్క్రూ.

పోయిన పాఠంలో నేను '2 మిల్లీమీటర్ల స్క్రూ' అని రాసి వదిలేశాను. ఆ 2 పిచ్చా, లీడా అన్నది విడదీసి చెప్పాల్సింది. పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం పిచ్. స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్ జరిగే దూరం లీడ్. ఉన్నది ఒకే థ్రెడ్ అయితే రెండూ సమానం. కానీ త్రీడీ ప్రింటర్ల కోసం అమ్మే 8 మి.మీ. స్క్రూల్లో చాలావాటికి నాలుగు థ్రెడ్లు కలిసి చుట్టుకుని ఉంటాయి. పిచ్ 2, లీడ్ 8. స్కేలు పెట్టి కొలిస్తే 2 అనే వస్తుంది. మోసపోయేది అక్కడే.

స్క్రూ కొసను వెలుతురుకి తిప్పి, థ్రెడ్ మొదలయ్యే చోట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. కొస అడ్డదిడ్డంగా కోసి ఉంటే తెలియదు. అప్పుడు స్క్రూ మీద మార్కర్‌తో గీత గీసి, నట్‌ని తిరగకుండా పట్టుకుని, స్క్రూని సరిగ్గా పది చుట్లు తిప్పండి. నట్ 20 మి.మీ. జరిగితే మనకు కావలసిందే. 80 జరిగితే ఈ పనికి వద్దు, పక్కన పెట్టేయండి.

థ్రెడ్ అంటే కడ్డీకి చుట్టిన ఏటవాలు. ఈ స్క్రూలో ఒక చుట్టు సుమారు 22 మి.మీ. ఆ దూరంలో 2 మి.మీ. ఎక్కితే వాలు 5 డిగ్రీలు, 8 ఎక్కితే 20. ఉక్కు స్క్రూకి, ఇత్తడి నట్‌కి మధ్య రాపిడి గుణకం (రాపిడి ఎంత ఉందో చెప్పే అంకె) 0.15 అనుకుంటే, 9 డిగ్రీల లోపు వాలు మీదే బరువు నిలుస్తుంది. గ్రీజు పూస్తే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. నట్‌లో గోళీలు దొర్లే బాల్ స్క్రూ అయితే అసలే నిలవదు, దాని జోలికి పోకండి.

లీడ్ నాలుగో వంతయింది కదా, టార్క్ (తిప్పే బలం) కూడా నాలుగో వంతు చాలనుకోకండి. చిన్న వాలులో రాపిడికే ఎక్కువ పోతుంది. 10 కిలోలకి 8 లీడ్‌తో సుమారు 0.19 న్యూటన్ మీటర్లు కావాలి, 2 లీడ్‌తో 0.09. అంటే సగం. స్పీడ్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. నిమిషానికి 300 చుట్లకి 50 మి.మీ. ఎక్కడానికి 5 సెకన్లు, అంతే.

ఇంత చేసినా రౌటర్ అదురుకి స్క్రూ కొద్దికొద్దిగా తిరగొచ్చు. అందుకే నేను రౌటర్‌ని మోసే ప్లేట్‌కి బిగింపు బోల్ట్ లేకుండా లిఫ్ట్ చేయను. ఎత్తు సెట్ చేసేటప్పుడు కావలసిన దానికన్నా ఒక మి.మీ. కిందికి దించి, పైకి వస్తూ ఆపుతాను. నట్‌లో ఉన్న వదులు అప్పుడు ప్రతిసారీ ఒకే వైపు ఉంటుంది.

బరువు మోటారు షాఫ్ట్ మీద పడకూడదు, స్క్రూ కింద థ్రస్ట్ బేరింగ్ (నిలువు బరువును మోసే బేరింగ్) పెట్టండి. లిమిట్ స్విచ్‌లు (చివరికి చేరగానే మోటారును ఆపేవి) మామూలే.

అభ్యాసం: రౌటర్ విప్పేసి, దాని బరువుకి ఒకటిన్నర రెట్లు ఇసుక సంచి కట్టండి. జారినా నష్టం లేకుండా కింద చెక్క దిమ్మె ఉంచండి, చేతులు పెట్టకండి. బిగింపు బోల్ట్ వదులు చేసి, కరెంటు తీసి, డయల్ గేజ్ (చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ముల్లు చూసి, ఫ్రేమ్‌ని చెక్క సుత్తితో వంద దెబ్బలు మెల్లగా కొట్టి మళ్లీ ముల్లు చూడండి. రెండు కొలతలూ రాసి ఉంచుకోండి, గైడ్ల పాఠం వాటితోనే మొదలుపెడతాను.