మీ ఊరి పాత స్పీకర్ గురించి రాయాలనుకుంటే, ముందు ఆయన కుర్చీ దిగిన తేదీ వెతకండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత నాయకుడి గురించి ఎవరు రాసినా దాదాపు ఒకటే మూస. ఫలానా ఊళ్ళో పుట్టారు, సమితి ప్రెసిడెంటు అయ్యారు, ఎమ్మెల్యే అయ్యారు, స్పీకర్ అయ్యారు, పేదల పెన్నిధి, అజాతశత్రువు. ఎక్కిన మెట్లన్నీ లెక్కపెడతారు, దిగిన మెట్టు ఒక్కటీ చెప్పరు. నన్నడిగితే అసలు కథ దిగిన చోటే ఉంటుంది.

నీలం సంజీవరెడ్డినే తీసుకోండి. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, రెండుసార్లు ముఖ్యమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకర్, ఆ తర్వాత రాష్ట్రపతి అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ 1964లో ముఖ్యమంత్రి పదవి వదిలింది కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల వల్ల. 1969లో స్పీకర్ పదవి వదిలింది రాష్ట్రపతి ఎన్నికలో నిలబడడానికి, అందులో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1977లో నంద్యాల నుంచి, రాష్ట్రం మొత్తం మీద జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు గెలిచి, మళ్ళీ స్పీకరై, నాలుగు నెలలు నిండకుండానే మళ్ళీ ఆ రాష్ట్రపతి పదవి కోసమే రాజీనామా చేశారు, ఈసారి పోటీయే లేదు. ఈ మూడు రాజీనామాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయనేంటో తెలుస్తుంది, పదవుల లిస్టు చదివితే తెలియదు.

కాబట్టి ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి పదవికీ ఎక్కిన తేదీ, దిగిన తేదీ, దిగడానికి కారణం రాసుకోండి. కారణం గడి ఖాళీగా ఉంటే అక్కడే తవ్వాలని గుర్తు.

తేదీలకు మొదట చూడాల్సింది ఎన్నికల సంఘం గణాంక నివేదికలు, శాసనసభ సభ్యుల జాబితాలు. ఉపఎన్నికల ఫలితాలు ఆ సాధారణ ఎన్నికల నివేదికల్లో దొరకవు, విడిగా వెతుక్కోవాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు 1957. "1957లో కర్నూలు జిల్లా నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు" అని ఎవరైనా రాస్తే నమ్మకండి, ఆ ఏడు అసెంబ్లీకి సాధారణ ఎన్నికలు జరిగింది తెలంగాణలోనే. మనవైపు 1955లో గెలిచినవాళ్ళే 1962 దాకా కొనసాగారు. అలాగే 1977లో మనకు జరిగింది పార్లమెంటు ఎన్నికే, అసెంబ్లీకి 1978లో జరిగింది.

జిల్లా పేర్లతో ఇంకో తలనొప్పి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లా. గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లా. కోవెలకుంట్ల నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి లేనే లేదు, ఆ ఊరు 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. కదిరికి కూడా జిల్లా మారింది, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. ఇక సుబ్బారెడ్డి, రంగారెడ్డి లాంటి పేర్లు మనకు కొదవా? ఇంటిపేరు పొడి అక్షరాలు, నియోజకవర్గం రెండూ కలిస్తేనే మీ మనిషి అని ఖాయం చేసుకోండి.

స్పీకర్ పదవి దగ్గరికొచ్చేసరికి రాజ్యాంగం కొంచెం తెలిసుండాలి. ఊళ్ళో జనానికి ప్రొటెం స్పీకరైనా, డిప్యూటీ స్పీకరైనా, అందరూ స్పీకరే. గవర్నర్ ప్రొటెంగా నియమించిన పెద్దాయన కొత్తవాళ్ళ చేత ప్రమాణం చేయించి, స్పీకర్ ఎన్నిక కాగానే దిగిపోతారు, మనవాళ్ళు మాత్రం జీవితాంతం ఆయన్ని మాజీ స్పీకర్ అనే పిలుస్తారు. ఇంకోటి, అసెంబ్లీ రద్దయితే ఎమ్మెల్యేలంతా మాజీలైపోతారు గానీ స్పీకర్ మాత్రం కొత్త సభ మొదటి సమావేశానికి ముందు వరకూ ఆ పదవిలోనే ఉంటారు, 179వ అధికరణం చూడండి. ఎన్నికల్లో ఓడిపోయిన తర్వాత తేదీ కనిపించిందని తప్పనుకుని కొట్టేయకండి. రాజీనామా లేఖ కోసం వెతికేటప్పుడు కూడా గుర్తుంచుకోండి, స్పీకర్ తన రాజీనామా ఇచ్చేది డిప్యూటీ స్పీకర్‌కి.

కోవెలకుంట్ల నుంచి గెలిచిన బి.వి. సుబ్బారెడ్డి 1962 నుంచి 1971 దాకా స్పీకర్. ఇరుపక్షాల మధ్య అన్నేళ్ళు కూర్చున్న మనిషి ఆ కుర్చీ దిగి పి.వి. నరసింహారావు మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి అయ్యారు, తర్వాత జై ఆంధ్ర ఉద్యమంలో ఆ పదవికీ రాజీనామా ఇచ్చి ఉద్యమం ముందు వరసలో నిలబడ్డారు. ఇలాంటి జీవితాన్ని రాసేవాళ్ళు సభలో తొమ్మిదేళ్ళను ఒక్క పేరాలో ముగించి, ఆ తర్వాతి మలుపు మీద ఎక్కువ పేజీలు పెట్టినా తప్పులేదు.

పాత అసెంబ్లీ చర్చల సంపుటాలు దొరికితే స్పీకర్ ఎన్నికైన రోజు సభ్యుల అభినందన ప్రసంగాలు చదవండి. పొగడ్తలు వదిలేయండి, మధ్యలో జైలుకెళ్ళిన సంగతులు, పాత ఊళ్ళు, పాత గొడవలు దొర్లుతుంటాయి, అవి పట్టుకోండి. మీ నాయకుడు కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం (1953-56) నాటివాడైతే 1954 నవంబరులో కర్నూలు అసెంబ్లీలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు ఎటు ఓటేశాడో తప్పకుండా చూడండి.

కాగితాలు అయ్యాక ఊళ్ళోకి వెళ్ళండి. బడి గోడలకీ వంతెనలకీ ఉన్న శంకుస్థాపన శిలాఫలకాలు మంచి సాక్ష్యం, ఎందుకంటే వాటి మీద తేదీ, ఆ రోజుకున్న హోదా రెండూ ఉంటాయి. సున్నం మీద సున్నం వేసి అక్షరాలు పూడ్చేసి ఉంటారు, చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి, గుంటల్లో నీడ పడి చదవడానికి వస్తుంది.

పెద్దవాళ్ళని సంవత్సరం అడగొద్దు, ఎన్నికల గుర్తు అడగండి. "పెద్దాయనా, అప్పుడు మీరు దేనికి ఓటేసినారు?" అంటే "ఎద్దులకే నాయనా, ఇంకేముండె" అన్నాడనుకోండి, అది 1969లో కాంగ్రెస్ చీలకముందు మాట. ఆవు, దూడ అంటే 1971, 72 ఎన్నికలు మొదలు 1977 దాకా. హస్తం అంటే 1978, ఆ తర్వాత. ఇంతకంటే నమ్మకమైన క్యాలెండర్ పల్లెల్లో దొరకదు. ఫ్యాక్షన్ సంగతులు మాత్రం ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, కోర్టు కాగితం కళ్ళతో చూస్తే తప్ప ఎవరి పేరూ రాయకండి, ఆ ఊళ్ళో రెండువైపులా మనవళ్ళు ఇంకా ఉన్నారు.

చివరికి రాసింది ఆ ఇంటివాళ్ళకు ఒకసారి చూపించండి, పుట్టిన తేదీలు, వరసలు సరిచూసుకోవడానికి. ఓడిపోయిన ఎన్నిక తీసేయమని అడుగుతారు, దాదాపు అందరూ అడుగుతారు. సంజీవరెడ్డి 1952లో సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయినవారేనని చెప్పి, టీ తాగి, ఆ వాక్యం అలాగే ఉంచి బయటికి వచ్చేయండి.