పిల్లల డాక్టరు, క్వాలిటీ పని – 4వ పాఠం: శాతం వెనక ఉన్న పిల్లల జాబితా చదవడం

కిందటి పాఠంలో అమెరికాలో మేనేజ్డ్ కేర్ (బీమా సంస్థే వైద్యం ఎలా అందాలో కూడా చూసుకునే పద్ధతి) ఎలా పెరిగిందో చూశాం. 1973లో వచ్చిన హెచ్‌ఎంఓ (తన డాక్టర్ల ద్వారానే వైద్యం అందించే బీమా ప్లాన్) చట్టం తర్వాత హెల్త్ ప్లాన్లు, అంటే ఆరోగ్య బీమా సంస్థలు, బిల్లులు కట్టడంతో ఆగకుండా, వైద్యం సరిగ్గా అందుతోందా లేదా అన్న లెక్కలోకి ఎలా దిగాయో మాట్లాడుకున్నాం. ఈ పాఠం చేత్తో చేసే పని. మీ ముందు పెట్టిన ఒక క్వాలిటీ శాతాన్ని విప్పి చదవడం నేర్చుకుందాం. ప్లాన్‌లో మెడికల్ డైరెక్టర్ కావాలనుకునే పిల్లల డాక్టరుకి అన్నిటికన్నా ముందు రావలసింది ఇదేనని నా నమ్మకం. బడ్జెట్లూ, మీటింగుల్లో మాట్లాడే తీరూ ఉద్యోగంలో చేరాక ఎలాగూ వస్తాయి.

అమెరికాలో రెసిడెన్సీ చేసి, కొన్నేళ్లు క్లినిక్‌లో ఉండి, హెల్త్ ప్లాన్ ఉద్యోగంలోకి రావాలా వద్దా అని ఊగుతున్న మన తెలుగు డాక్టర్లు చాలామంది ఒకటే అడుగుతారు: "అక్కడ పిల్లల్ని చూసే పని ఉండదు కదండీ, చదివిన చదువంతా ఏమైపోతుంది?" వాళ్లకి నేను డాక్టర్ డొనాల్డ్ బెర్విక్ గురించి చెబుతాను. ఆయన పిల్లల డాక్టరు. 1980లలో బోస్టన్‌లోని హార్వర్డ్ కమ్యూనిటీ హెల్త్ ప్లాన్ అనే హెచ్‌ఎంఓలో వైద్యం నాణ్యతను కొలిచే బాధ్యత చూశారు. ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్‌ని నిలబెట్టారు. 2010 జులై నుంచి 2011 డిసెంబర్ దాకా మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వ బీమా), మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వ బీమా) రెండిటినీ చూసే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్‌కి అధిపతిగా పనిచేశారు. మొదటినుంచీ ఆయన పట్టు ఒక్కటే: తప్పు చేసిన డాక్టర్ని వెతికి పట్టుకున్నంత మాత్రాన వైద్యం బాగుపడదు, పని జరిగే పద్ధతి మారాలి. పద్ధతిలో లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి క్లినిక్ అనుభవం కావాలి. మీ చదువు పనికొచ్చేది అక్కడే.

ఇక పాఠంలోకి వద్దాం. హెల్త్ ప్లాన్లకి మార్కులు వేసే ఎన్‌సీక్యూఏ అనే సంస్థ 1990లో మొదలైంది. దాని కొలతల సెట్‌ని హెడిస్ అంటారు. అందులో పిల్లల టీకాల కొలత తీసుకుందాం, కాంబో 10 అని పిలిచేది. రెండో పుట్టినరోజు నాటికి బిడ్డకి పది రకాల టీకాలు అందాలి: డీటాప్ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు కలిపి) నాలుగు డోసులు, పోలియో మూడు, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి) ఒకటి, హిబ్ మూడు, హెపటైటిస్ బి మూడు, చికెన్‌పాక్స్ ఒకటి, న్యూమోకాకల్ నాలుగు, హెపటైటిస్ ఎ ఒకటి, బ్రాండ్‌ని బట్టి రోటావైరస్ రెండో మూడో, ఫ్లూ రెండు. ఒక్క డోసు తక్కువైనా ఆ బిడ్డ లెక్కలో సున్నా.

ఈ "అన్నీ ఉంటేనే" అన్న షరతు శాతాన్ని ఏం చేస్తుందో కాగితం మీద చేసి చూడండి. ఒక్కో టీకా 95 శాతం పిల్లలకి అందింది అనుకుందాం. ఒక టీకా అందడానికీ ఇంకోటి అందడానికీ సంబంధం లేదనుకుంటే, 0.95ని పదిసార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 60 శాతం. నిజంలో కొందరు పిల్లలకే చాలా టీకాలు తప్పిపోతాయి కాబట్టి అంత కిందికి పడదు. అయినా విషయం అర్థమైంది కదా. కాంబో 10లో 60 వచ్చిందంటే నూటికి నలభై మంది పిల్లలు టీకాలు లేకుండా ఉన్నారని కాదు. మీటింగులో ఈ ముక్క చెప్పేవాళ్లు లేకపోతే, బాగా పనిచేస్తున్న క్లినిక్ మీద అనవసరంగా టెన్షన్ పెడతారు.

ఇప్పుడు టీకాలు తప్పాయని ప్లాన్ కంప్యూటర్ చెబుతున్న పిల్లల జాబితా తెప్పించుకోండి. దాన్ని మూడు కుప్పలుగా విడదీయడమే ఈ పాఠంలో నేర్చుకునే విద్య.

మొదటి కుప్ప హారానికి, అంటే శాతం కట్టేటప్పుడు కింద వేసే మొత్తం పిల్లల సంఖ్యకి, సంబంధించింది. ఈ బిడ్డ అసలు లెక్కలో ఉండాలా? రెండో పుట్టినరోజుకి ముందు 12 నెలలూ ప్లాన్‌లో ఉన్న పిల్లలే లెక్కలోకి వస్తారు. మధ్యలో 45 రోజులకి మించని ఒక్క ఖాళీని మాత్రం ఒప్పుకుంటారు. దీని మీద ఎక్కువ టైమ్ పెట్టొద్దు. సాధారణంగా కంప్యూటర్ దీన్ని సరిగ్గానే చేస్తుంది.

రెండో కుప్ప దగ్గర మాత్రం నింపాదిగా కూర్చోవాలి. టీకా వేశారు, రికార్డు మాత్రం ప్లాన్‌కి చేరలేదు. ఎక్కడెక్కడ జారిపోతుందో తెలిస్తే మీ కళ్లు నేరుగా అక్కడికే వెళ్తాయి. పుట్టిన ఆసుపత్రిలో వేసే హెపటైటిస్ బి మొదటి డోసు కాన్పు బిల్లులో కలిసిపోయి, బిడ్డ పేరు మీద విడిగా రాదు. మెడికెయిడ్ పిల్లలకి టీకా మందు 1994 నుంచి వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ పథకం కింద ఉచితంగా వస్తుంది. అంచేత క్లినిక్ బిల్లు చేసేది టీకా వేసినందుకు మాత్రమే. ఆ కోడ్‌లో పొరపాటు పడితే బిడ్డకి సూది పడినా ప్లాన్ లెక్కలో పడనట్టే. ఇలాంటివి రాష్ట్ర టీకాల రిజిస్ట్రీలో తరచుగా దొరుకుతాయి, ముందు అక్కడ వెతకండి.

మన కుటుంబాల్లో ఇంకో దారి కూడా ఉంది. పసివయసులో కొన్ని నెలలు గుంటూరులోనో వరంగల్‌లోనో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు ఉంటారు. వాళ్ల ఇండియా కార్డులో 6, 10, 14 వారాల దగ్గర "పెంటా" అని ఒకే మాట ఉంటుంది. పెంటావాలెంట్ అంటే డీపీటీ (డీటాప్ వరుసలోకి వచ్చేది), హెపటైటిస్ బి, హిబ్ కలిపి ఒకే సూది. కార్డు చదివినవాళ్లకి అది తెలియకపోతే మూడు వరుసలు ఖాళీగా మిగులుతాయి. అదే కార్డులో 9 నెలలకి వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) ఉంటే దాన్ని ఎంఎంఆర్ కింద వేసుకోకండి. అందులో గవదబిళ్లల భాగం లేదు, పైగా ఏడాది నిండకముందు వేసింది. ఆ బిడ్డకి ఎంఎంఆర్ నిజంగానే బాకీ ఉంది.

ఈ కుప్పలో కనిపించే చిత్రమైన కేసు ఒకటి చెబుతాను. మొదటి పుట్టినరోజుకి రెండు రోజుల ముందు ఎంఎంఆర్ వేశారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 4 రోజుల వెసులుబాటు ఇస్తుంది కాబట్టి వైద్యపరంగా ఆ డోసు చెల్లుతుంది. హెడిస్‌లో మాత్రం మొదటి పుట్టినరోజు నుంచి రెండో పుట్టినరోజు లోపు వేసిందే లెక్క. శాతం కోసం ఆ బిడ్డకి మళ్లీ సూది పొడవమని ఏ డాక్టరుకీ చెప్పకండి. ఆ ఒక్కటీ పోతే పోనివ్వండి.

మూడో కుప్పలో ఉన్నది అసలు సమస్య: టీకా నిజంగా అందని పిల్లలు. ఒక్కొక్కరి చార్ట్ తెరిచి, తప్పిన డోసు ఎప్పుడు వేయాల్సిందో రాసుకోండి. ఆ తేదీ తర్వాత బిడ్డ ఆ క్లినిక్‌కి ఎన్నిసార్లు వచ్చిందో, దేనికి వచ్చిందో పక్కనే రాయండి. "జలుబు", "చెవి నొప్పి", "ర్యాష్" అని వరసగా కనిపిస్తుంది. మామూలు జలుబు టీకాకి అడ్డం కాదని మనందరికీ తెలుసు. కానీ జలుబు విజిట్‌లో టీకాల పేజీ తెరిచే అలవాటు ఆ క్లినిక్‌లో లేదు. "తల్లిదండ్రులు తీసుకురావడం లేదు" అన్న మాట ఇక్కడే నిజమో కాదో తేలుతుంది. తీసుకొచ్చారు, మనమే పంపించేశాం అని చార్టే చెబుతుంది.

ఫ్లూ వరుసని విడిగా చూడండి, కాంబో 10ని ఎక్కువగా కిందికి లాగేది అదే. మొదటిసారి ఫ్లూ టీకా వేసుకునే బిడ్డకి కనీసం 4 వారాల తేడాతో రెండు డోసులు కావాలి. చెకప్‌లేమో 6 నెలలకి, 9 నెలలకి, ఏడాదికి ఉంటాయి. 4 వారాల తర్వాత రావాల్సిన విజిట్ ఆ వరుసలోనే లేదు. ఇది తల్లి మరుపూ కాదు, డాక్టరు నిర్లక్ష్యమూ కాదు. క్యాలెండర్‌లో ఉన్న ఖాళీ. ఆ ఖాళీ కనిపించాక ఏం ప్రయత్నించాలో ఇట్టే తడుతుంది: మొదటి డోసు వేసిన రోజునే, బిడ్డ గది దాటకముందే, నర్సు దగ్గరికి రెండో డోసు అపాయింట్‌మెంట్ రాయించడం. దీన్ని ప్లాన్ మొత్తం మీద ఒకేసారి రుద్దకండి. ఒక క్లినిక్, ఒక నర్సు, ఒక వారం. ఎంతమందికి అపాయింట్‌మెంట్ రాశారు, ఎంతమంది వచ్చారు, రానివాళ్లకి ఏం అడ్డం వచ్చింది అని అడిగి, మార్చి, మళ్లీ చేయండి. పీడీఎస్ఏ (ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్) అని పుస్తకాల్లో రాసేది ఇదే.

రోటావైరస్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 15 వారాలు నిండాక దాని మొదటి డోసు మొదలుపెట్టకూడదు. 8 నెలలు దాటాక ఏ డోసూ వేయకూడదు. కాబట్టి అది తప్పిన బిడ్డ కాంబో 10లో ఇక ఎప్పటికీ పాస్ కాదు. ఇలాంటి పిల్లల్ని, బాకీ టీకాల గురించి ఇళ్లకి ఫోన్ చేసే జాబితా నుంచి తీసేద్దామని, "ఆ గ్యాప్ మూసుకోదు కదా, కాల్ వేస్ట్" అని ఎవరో ఒకరు అంటారు. లెక్క ప్రకారం వాళ్ల మాట కరెక్టే. కానీ ఆ బిడ్డకి నాలుగో డీటాప్ కూడా బాకీ ఉండొచ్చు. కోరింత దగ్గు ఆ బిడ్డ కాంబో 10లో పాస్ అయిందా అని చూడదు. ఆ మీటింగులో ఈ మాట అనగలిగేది చాలాసార్లు పిల్లల డాక్టరు ఒక్కరే. పిల్లల పేర్లు జాబితాలో ఉంచమని పట్టుబట్టండి. మీ జీతం ఆ శాతంతో ముడిపడి ఉన్నా సరే.

ఇదంతా నేర్చుకోవడానికి ఉద్యోగం మారనక్కర్లేదు. అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్ సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి పార్ట్ 4 కింద క్వాలిటీ ప్రాజెక్టు ఎలాగూ అడుగుతుంది. పాయింట్ల కోసం రెడీమేడ్ మాడ్యూల్ చేసే బదులు మీ క్లినిక్ టీకాలనే ప్రాజెక్టుగా పెట్టుకోండి. రేపు ఇంటర్వ్యూలో "మీరు ఏం మెరుగుపరిచారు?" అని అడిగితే చెప్పడానికి మీ సొంత పని ఉంటుంది.

అభ్యాసం: మీ క్లినిక్‌లో ఈమధ్య రెండేళ్లు నిండి, ఏదో ఒక టీకా తప్పిన 20 మంది పిల్లల్ని తీసుకోండి. పేర్లకి బదులు నంబర్లు వేయండి, ఆ కాగితం క్లినిక్ దాటకూడదు. ఒక్కొక్కరినీ మూడు కుప్పల్లో ఒకదాంట్లో పెట్టండి. మూడో కుప్పలోని పిల్లలకి తప్పిన డోసు, ఆ తర్వాత వచ్చిన విజిట్ల తేదీలు, కారణాలు రాయండి. అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించిన కారణం కింద గీత గీయండి. ఆ కారణం మీద మీరు ఒక వారం పాటు చేసి చూడగల చిన్న మార్పు ఒకటి, రెండు వాక్యాల్లో రాయండి. 5వ పాఠంలో ఆ మార్పు పనిచేస్తోందో లేదో రన్ చార్ట్ (రోజులు గడిచేకొద్దీ అంకె ఎలా మారుతోందో చూపే గ్రాఫ్) గీసి తేల్చుకోవడం, మధ్యగతానికి ఒకే వైపు వరసగా ఆరు చుక్కలు పడితే దాన్ని ఎలా చదవాలో చూద్దాం.