ప్రయోగాన్ని చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కొత్త మగ ఎలుక, నిలవని గర్భం

పోయిన పాఠంలో పోలిక గుంపు (పరీక్షిస్తున్న మార్పు చేయకుండా, పోల్చి చూడటానికి ఉంచే గుంపు) ఎందుకు కావాలో చూశాం. ఈసారి నిజంగా జరిగిన ప్రయోగాన్నే విప్పి చూద్దాం.

1959లో లండన్‌లో హిల్డా బ్రూస్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టారు. అప్పుడే జతకట్టిన ఆడ చిట్టెలుకను తన మగ ఎలుక దగ్గర్నుంచి తీసి, ముక్కూమొహం తెలియని మగ ఎలుక దగ్గర పెడితే, చాలావాటికి గర్భం నిలవలేదు. కొద్ది రోజుల్లోనే మళ్లీ ఎదకు వచ్చాయి.

వెంటనే నమ్మేయకండి. బోను మార్చిన టెన్షన్ వల్ల కావచ్చుగా? అలాగైతే ఒంటరిగా ఉంచినవాటికీ, పాత మగ ఎలుక దగ్గరికే తిరిగి చేర్చినవాటికీ గర్భం పోవాలి. పోలేదు. మరి కొత్త మగది మీద పడి వేధించిందా? ఇంకో ప్రయోగంలో మగ ఎలుకను పెట్టనే లేదు, అది మూత్రం పోసిన పరుపు పొట్టు మాత్రమే వేశారు. అయినా గర్భం పోయింది. వాసన పసిగట్టే మెదడు భాగాన్ని తీసేసిన ఆడ ఎలుకల్లో మాత్రం నిలిచింది. వృషణాలు తీసేసిన మగ ఎలుకకు ఆ శక్తి లేదు. ఒక్కో పోలికా ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తోంది చూడండి.

నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది ఇంకొకటి. ముక్కు లోపల ఇలాంటి వాసనల్ని పసిగట్టే వోమెరోనేసల్ అవయవం నుంచి కబురు హైపోథాలమస్‌కు (హార్మోన్లను అదుపు చేసే మెదడు భాగానికి) చేరుతుంది. అక్కడ డోపమైన్ అనే మెదడు రసాయనం పెరిగి, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. దాంతో అండాశయం గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ చేయడం మానేస్తుంది, పిండం గర్భాశయానికి అంటుకోదు. ఇదంతా నిజమైతే, తగ్గిన ప్రొలాక్టిన్‌ను బయటి నుంచి ఇస్తే గర్భం నిలవాలి కదా? ఇంజెక్షన్ ఇచ్చి చూశారు, నిలిచింది. పోయినదాన్ని తిరిగి ఇచ్చి చూడటం కారణాన్ని పట్టుకోవడానికి మంచి దారి. ఏ ప్రయోగం చదివినా అది చేశారా లేదా అని వెతకండి.

ఇక ‘ఎందుకు’ అన్న ప్రశ్న. కొత్త మగది ఎలాగూ పిల్లల్ని చంపేస్తుంది, కాబట్టి ఆడది ముందే నష్టం తగ్గించుకుంటుందని ఒక వాదన. వినడానికి బాగుంది. కానీ పై ప్రయోగాలేవీ దాన్ని పరీక్షించలేదు. పైగా బోనులో ఆడ ఎలుకకు తప్పించుకునే చోటే లేదు, కాబట్టి బోను బయటా ఇలాగే జరుగుతుందని దీన్నుంచి చెప్పలేం. ‘ఎలా’, ‘ఎందుకు’ అన్న ఈ రెండు ప్రశ్నల్నీ నోట్‌బుక్‌లో వేర్వేరు పేజీల్లో రాసుకోండి.

అభ్యాసం: చిట్టెలుకల్లో పిండం అంటుకునేది జతకట్టిన 4, 5 రోజులకు. ఒకరు 8వ రోజున కొత్త మగ ఎలుకను పెట్టి, గర్భాలన్నీ నిలిచాయి కాబట్టి బ్రూస్ చెప్పింది తప్పని తేల్చారనుకోండి. లోపం ఎక్కడ? రెండోది: కొత్త మగ ఎలుక పాతదాని వంశానిదే అయితే ప్రభావం తగ్గుతుంది. అంటే ఆడ ఎలుక గుర్తుపెట్టుకున్నది దేన్ని? జవాబు రాశాక, దాన్ని తేల్చే పోలిక గుంపునూ మీరే రూపొందించండి.