కాలిఫోర్నియాలో హైస్కూల్ కోర్సులు ఎంచుకునే ముందు

☐ డిప్లొమా వేరు, కాలేజీ అర్హత వేరు. డిప్లొమాకి రాష్ట్రం పెట్టిన కనీస నియమం ప్రకారం లెక్కలు 2 ఏళ్లే. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ)లకైతే ఏ-జీ జాబితాలో, అంటే ఆ యూనివర్సిటీలు అడిగే హైస్కూల్ కోర్సుల్లో, 15 కోర్సులు కావాలి: ఇంగ్లిష్ 4, లెక్కలు 3, ఇంకా మిగతావి.

☐ 'డి' వస్తే స్కూల్ పాస్ అంటుంది, ఏ-జీ మాత్రం ఒప్పుకోదు. కనీసం 'సి' ఉండాలి. మావాడి రిపోర్టులో కెమిస్ట్రీ పక్కన 'డి' చూసి, "పాసయ్యాడుగా" అని ఊరుకున్నాం. ఆ వేసవి ఇండియా టికెట్లు రద్దు, సమ్మర్ స్కూల్ ఖాయం!

☐ ఏ-జీకి ఆర్ట్స్ ఒక ఏడాది తప్పనిసరి. మనవాళ్లు మర్చిపోయేది ఇదే.

☐ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా అని ఇంగ్లిష్ కాని భాష కోర్సు వదిలేయకండి. ముందు కౌన్సెలర్‌ని అడగండి.

☐ యూసీకి ఆ 15లో 11 కోర్సులు పన్నెండో తరగతికి ముందే అయిపోవాలి.

☐ ఎంచుకున్న కోర్సు మీ స్కూల్ ఏ-జీ జాబితాలో ఉందా?